ఏజెంట్ 47తో ఆదివారం పందెం: స్నేహం చెడకుండా ఏ పోటీ పెట్టుకోవాలి?

మా ప్రెస్సులో పెళ్లికార్డుల పని తగ్గిన నెలల్లో నా ఆదివారం మధ్యాహ్నాలు ఒక మేడగదిలో గడుస్తాయి. విజయనగరం కంటోన్మెంటులో ఉండే మిత్రుడి ఇల్లు అది. కింద వాళ్ల అమ్మగారు భోజనం చేసి పడుకుంటారు కాబట్టి, పైన ఎంత పెద్ద గెలుపు గెలిచినా గుసగుసగానే సంబరపడాలి. హిట్‌మ్యాన్ అనే వీడియో గేము ఆడటానికి ఇంతకన్నా తగిన గది ఎక్కడ దొరుకుతుంది?

మేం నలుగురం. బ్యాంకులో పనిచేసే ఆ మిత్రుడు, నేను, ఇంజనీరింగ్ పూర్తిచేసి పోటీ పరీక్షలు రాస్తున్న మా బావమరిది, శ్రీకాకుళంలో తన ఇంట్లోనే కూర్చుని ఫోనులో మాతో మాట్లాడుతూ ఆడే మా పిన్నికొడుకు. పందెం ఎప్పుడూ ఒకటే: ఓడినవాడు పావుకిలో పలాస జీడిపప్పు తేవాలి. పలాసకు దగ్గరగా ఉన్నవాడు శ్రీకాకుళం తమ్ముడే కనుక అతను ఓడితే మిగతా ముగ్గురికీ లోపల్లోపల సంతోషం. సరుకు బాగుంటుంది.

కిందటి ఏడాది ఆ జీడిపప్పు దగ్గరే గొడవ వచ్చింది. బావమరిది పారిస్ ఘట్టాన్ని రెండున్నర నిమిషాల్లో ముగించి చేయి చాచాడు. మిత్రుడు ఇవ్వనన్నాడు.

"నువ్వు చేసింది పరుగు పందెం తమ్ముడూ. నేను నలభై నిమిషాలు ఆడాను, సూటు మార్చలేదు, ఒక్కడి కంటా పడలేదు."

"స్కోరు చూడండి అన్నయ్యా. పట్టికలో ఎవరి పేరు పైన ఉంది?"

ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకే గేములో ఇద్దరూ వేరు వేరు పోటీలు ఆడారు. ఏది ఆడుతున్నామో ముందుగా అనుకోకపోవడం మా నలుగురి తప్పు. ఆ తరువాత రెండు ఆదివారాలు మేడగది తెరుచుకోలేదు. మూడో ఆదివారం నుంచి ఒక్కో పద్ధతినీ కొన్ని వారాలపాటు ఆడి చూశాం. మీకూ ఇలాంటి మిత్రబృందం ఉంటే ఏది ఎంచుకోవాలో చెప్పడానికి ఆ అనుభవం చాలనుకుంటున్నాను.

ఒంటరి ఆటలో పోటీ ఎలా?

కొత్తవారికి కాస్త పరిచయం. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌కు చెందిన ఐఓ ఇంటరాక్టివ్ సంస్థ మొదటి హిట్‌మ్యాన్‌ను 2000లో తెచ్చింది. నున్నటి గుండు, తల వెనక బార్‌కోడ్, ఎర్ర టై. మనం ఆడించే కిరాయి హంతకుడు ఏజెంట్ 47 వాలకం అప్పటినుంచీ మారలేదు. 2016, 2018, 2021లలో వచ్చిన మూడు భాగాలను 2023 జనవరిలో వరల్డ్ ఆఫ్ అసాసినేషన్ అనే పేరుతో ఒక్కటిగా కలిపారు. పారిస్, సపియెంజా, హొక్కైడో, మయామీ, ముంబయి, దుబాయి, బెర్లిన్ వంటి చోట్లు ఇందులో ఉన్నాయి. ప్రతి చోటూ జాతరలా జనంతో నిండి ఉంటుంది. వంటవాళ్లు వండుతుంటారు, కాపలావాళ్లు తిరుగుతుంటారు, మనం చంపాల్సిన లక్ష్యం తన దారిన తాను చక్కర్లు కొడుతుంటాడు. మనం ఆ చక్కర్లను గమనించి, ఎవరో ఒకరి బట్టలు వేసుకుని, సందు చూసుకుని పని ముగించి బయటపడాలి.

మారువేషం గురించి విజయనగరం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలా? శిష్యుడికి ఆడవేషం కట్టి ముసలి వరుడికి అంటగట్టిన నాటకం పుట్టిన ఊరు ఇది. గేములోనూ సూత్రం అదే: కొత్తవాళ్లు వేషాన్ని నమ్ముతారు, ఆ వృత్తిలో ఉన్నవాళ్లు నమ్మరు. వంటవాడి టోపీ పెట్టుకుంటే సెక్యూరిటీ గార్డు పట్టించుకోడు గానీ, వంటింట్లో పెద్ద వంటవాడు మాత్రం తేరిపార చూస్తాడు. అలాంటివాళ్ల తల మీద తెల్ల చుక్క కనిపిస్తుంది.

అయితే ఇది ఒక్కరే ఆడే గేము. ఇద్దరు ఎదురెదురుగా తలపడే ఘోస్ట్ మోడ్ 2018 భాగంలో ఉండేది. ప్రత్యర్థి మనకు నీడలా కనిపిస్తూ తన లోకంలో తాను ఆడుకునేవాడు, ఇద్దరికీ లక్ష్యం ఒకటే, చప్పుడు లేకుండా ముందు ఐదు పాయింట్లు కొట్టినవాడిది గెలుపు. 2020లో దాన్ని మూసేశారు. నాకు ఇప్పటికీ బాధే. కాబట్టి ఇప్పుడు పోటీ అంటే ఎవరి ఆట వాళ్లు ఆడి పోల్చుకోవడమే. ఏమి పోల్చుకుంటాం అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఎంపికకు ముందు రెండు సంగతులు చూసుకోండి. మొదటిది, అందరి దగ్గరా ఒకే రకం యంత్రం ఉందా? కంప్యూటరులో ఒకరు మిత్రుల కోసం కట్టిన సవాలు ప్లేస్టేషన్‌లో తెరుచుకోదు, ఎక్స్‌బాక్స్‌లోనూ తెరుచుకోదు. ఒకరి దగ్గర కంప్యూటరు, ఇంకొకరి దగ్గర ప్లేస్టేషన్ ఉంటే కింద చెప్పబోయే చీటీల పద్ధతి తప్ప మరో దారి దాదాపు లేదు.

రెండోది నెట్టు. ఇంట్లో ఒంటరిగా ఆడుకునే గేముకు కూడా అడుగడుగునా ఇంటర్నెట్ కావాలి. సవాళ్లు, స్కోరు పట్టికలు, కింద చెప్పబోయే ఫ్రీలాన్సర్ పద్ధతి అన్నీ సర్వరుతో ముడిపడినవే. ఈ గొడవ ఎంత దూరం వెళ్లిందంటే, 2021లో గాగ్ అనే దుకాణం 2016 భాగాన్ని అమ్మకానికి పెట్టి, కొన్నవాళ్ల నిరసనతో కొద్ది రోజులకే తీసేసింది. ఏ తాళాలూ లేని గేములు అమ్ముతామని చెప్పుకునే దుకాణం అది. మాకు వానాకాలంలో సాయంత్రం కరెంటు పోతే రూటరూ పోతుంది, అప్పటిదాకా ఆడినదాని స్కోరు పట్టికకు ఎక్కదు. రూటరుకు చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టుకోవడం కొత్త గ్రాఫిక్స్ కార్డు కన్నా ముందు చేయాల్సిన ఖర్చు అంటాను.

ఇది పెద్దల గేము అని కూడా గుర్తుంచుకోవాలి. యూరప్‌లో దీనికి 18 ఏళ్ల ముద్ర ఉంది. మిత్రుడి పదేళ్ల కూతురు మెట్లెక్కే చప్పుడు వినగానే మేం టీవీలో క్రికెట్టు పెట్టేస్తాం. ఆ పిల్ల మమ్మల్ని ఎప్పుడో కనిపెట్టేసిందని నా అనుమానం.

గడియారంతో పందెం

అందరూ ముందు ఎంచుకునేది ఇదే, ఎందుకంటే గేమే దాన్ని చేతికి అందిస్తుంది. ఘట్టం ముగియగానే స్కోరు వస్తుంది, పక్కనే మిత్రుల పట్టిక. అన్నిటికన్నా పై బిరుదు సైలెంట్ అసాసిన్. లక్ష్యాలను తప్ప ఎవరినీ చంపకూడదు, తప్పు పని చేస్తూ ఎవరి కంటా పడకూడదు, దాచిన మనిషి బయటపడకూడదు, కెమెరాల్లో రికార్డు మిగలకూడదు. షాండిలియర్ తెగి మీద పడ్డట్టు ప్రమాదంలా పోతే మాత్రం ఆ శవం కనిపించినా లెక్కలోకి రాదు. ఈ ఒక్క మినహాయింపు మీదే సగం ఆట నడుస్తుంది.

చిక్కు ఇక్కడుంది. నలుగురూ ఆ బిరుదు సాధించగలిగే స్థాయికి వచ్చాక తేడా తేల్చేది సమయం ఒక్కటే. సమయంతో పోటీ అంటే మళ్లీ మళ్లీ మొదలుపెట్టడం. బావమరిది ఒక్క రాత్రిలో పారిస్‌ను అరవైసార్లు మొదలుపెట్టాడట. దృష్టి మళ్లించడానికి నాణెం విసిరే చోటు, లక్ష్యం తల తిప్పే క్షణం, తలుపు దాకా అడుగుల లెక్క అన్నీ నోటికి వచ్చేశాయి. అది కూడా నైపుణ్యమే, కాదనను. కచేరీకి ముందు ఒకే కీర్తనను వందసార్లు సాధన చేసే విద్వాంసుడి పట్టుదల అది. కానీ చూసేవాడికి ఏముంది? అరవైసార్లూ మొదటి పది సెకన్లే చూడాలి. మధ్యాహ్నం మూడు గంటలకు నేను గోడకు ఆనుకుని నిద్రపోయాను.

దీనికి మరో లోపం: ఖాళీ సమయం ఉన్నవాడే గెలుస్తాడు. పొద్దున తొమ్మిదికి బ్యాంకుకు వెళ్లేవాడు, పగలంతా ఇంట్లో ఉండేవాడితో ఈ పందెం కాయడం మొదటినుంచీ న్యాయం కాదు. అయినా ఇదే కావాలంటే ఒక కట్టుబాటు పెట్టుకోండి. అందరి ముందూ, వరుసగా, ఒక్కొక్కరికి మూడే ప్రయత్నాలు. అన్నిటికన్నా కష్టమైన మాస్టర్ స్థాయిలో ఆడితే ఇంకా మంచిది, ఆటను మధ్యలో భద్రపరచుకునే సేవ్ ఘట్టం మొత్తానికి ఒక్కటే దొరుకుతుంది. ఆ ఒక్కటి ఎప్పుడు వాడాలన్న తర్జనభర్జన చూడటానికి సరదాగా ఉంటుంది. మా మిత్రుడు దాన్ని దాచుకుని దాచుకుని చివరికి వాడకుండానే చచ్చిపోతాడు. బ్యాంకువాడు కదా.

సమ ఉజ్జీలుగా ఉన్న ఇద్దరికి, అదీ ఇద్దరూ సమయం పిచ్చి ఉన్నవాళ్లే అయితే, ఇంతకన్నా మంచి పోటీ లేదు. ముగ్గురు దాటితే వద్దు.

తాను చేసి చూపాకే సవాలు

నా ఓటు దీనికే. కాంట్రాక్ట్స్ అంటారు. 2012లో వచ్చిన అబ్సల్యూషన్‌తో మొదలై, ఆ తరువాతి భాగాల్లోనూ కొనసాగింది. ఏదో ఒక చోటుకు వెళ్లి అక్కడ తిరిగేవాళ్లలో ఐదుగురి దాకా మనమే లక్ష్యాలుగా గుర్తు పెట్టవచ్చు. ఏ వేషంలో, ఏ ఆయుధంతో అన్నది మనం ఎలా చేశామో అదే షరతు అవుతుంది. పైగా ఫలానా దారినే బయటపడాలి, ఇంత సమయంలోనే ముగించాలి, ఎవరినీ స్పృహ తప్పించకూడదు వంటి ముడులు వేయవచ్చు. చివర 12 అంకెల సంఖ్య ఒకటి వస్తుంది. దాన్ని వాట్సాప్‌లో పంపితే చాలు.

ఇందులోని గొప్పతనం ఒక్క నియమంలో ఉంది: కట్టినవాడు ముందు తాను చేసి బయటపడితేనే సవాలు పుడుతుంది. ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథలతోపాటు అష్టావధానాలూ చేసిన ఊరిలో ఉండి ఈ తేడాను గమనించకుండా ఎలా ఉంటాం? అవధానంలో పృచ్ఛకుడు ఫలానా అక్షరం వాడకూడదని ఆంక్ష పెట్టి హాయిగా కూర్చుంటాడు, పద్యం చెప్పే బాధ ఆయనది కాదు. ఇక్కడ పృచ్ఛకుడే ముందు పద్యం చెప్పి చూపాలి. "ఇది అసలు కుదిరే పనేనా?" అన్న వాదం ఇంక పుట్టదు. మా గదిలో గొడవలు సగానికి సగం ఆ వాదంతోనే మొదలయ్యేవి.

ఒక ఉదాహరణ చెబుతాను. శ్రీకాకుళం తమ్ముడు కార్తీక మాసంలో ఒక సంఖ్య పంపాడు. చోటు పారిస్. లక్ష్యం ఒక్కడే, భవనం వెనక తోటలో ఫొటోలు తీయించుకునే మోడల్ హెల్మట్ క్రూగర్. ఆయుధం మెడకు బిగించే తీగ. వేషం వంటవాడిది. ఇంతవరకు తేలికే. చివరి షరతు చూశాం: ఎవరినీ స్పృహ తప్పించకూడదు.

గదిలో అందరం ముఖాలు చూసుకున్నాం. వంటవాడి బట్టలు కావాలంటే ఒక వంటవాడిని పడగొట్టాలి. పడగొడితే షరతు తప్పుతుంది. మరి బట్టలు ఎక్కడినుంచి వస్తాయి? మిత్రుడు నేలమాళిగ అంతా వెతికాడు. ఎక్కడైనా ఒక జత మడతపెట్టి ఉంటుందేమోనని ప్రతి బీరువా పక్కకూ వెళ్లాడు. వంటింటి గడపలో రెండుసార్లు పట్టుబడ్డాడు. నేను పై అంతస్తుల మీదికి వెళ్లి ఇంకా ఘోరంగా పట్టుబడ్డాను. ఫోను స్పీకరులో తమ్ముడు ఏదో నములుతూ, "నిదానంగా చూడండి అన్నయ్యా, తొందరేమీ లేదు" అంటాడు. నమిలేది జీడిపప్పే అని నా నమ్మకం.

నలభై నిమిషాల తరువాత కంట్రోలర్ బావమరిది చేతికి వెళ్లింది. వాడు పరిగెత్తుతాడనుకున్నాం. వాడు పారిస్‌లోకి వెళ్లనేలేదు. ఆట మొదలయ్యే ముందు ఆయుధాలూ, దిగే చోటూ ఎంచుకునే తెర ఉంటుంది కదా, అక్కడే ఆగి ఒక్కొక్కటీ చదివాడు. ఒక చోటును చాలాసార్లు ఆడి పట్టు సాధించినవాళ్లకు కొత్త కొత్త ప్రవేశాలు తెరుచుకుంటాయి. వాటిలో ఒకటి వంటిల్లు. అక్కడ దిగితే 47 ముందే వంటవాడి బట్టల్లో ఉంటాడు! జవాబు తలుపు బయటే వేలాడుతోంది, మేం ఇల్లంతా వెతికాం.

ఆ తరువాత కూడా పని ఉంది. వంటవాళ్లలో తెల్ల చుక్కవాడి చూపు తప్పించుకుని తోటలోకి రావాలి. క్రూగర్ చుట్టూ ఫొటోల హడావుడి. వాడు ఫోను మాట్లాడటానికి జనం నుంచి దూరంగా జరిగే కొద్దిసేపు కోసం పొద వెనక కాచుకోవాలి. బావమరిది కాచుకున్నాడు. అరవైసార్లు మొదలుపెట్టే మనిషి, అంతసేపు కదలకుండా ఉండటం నేను అదే మొదటిసారి చూశాను. ఆ వారం జీడిపప్పు వాడికే వచ్చింది, మిత్రుడే స్వయంగా తెచ్చి ఇచ్చాడు.

లోపాలు లేవని కాదు. కొత్తవాడు చేరితే తెరుచుకోని ప్రవేశాలు, దొరకని ఆయుధాలు ఎక్కువ ఉంటాయి, కాబట్టి మొదటి రెండు మూడు నెలలు గేములో అందరికీ మొదటినుంచీ ఉండే వస్తువులతోనే సవాళ్లు కట్టాలి. కట్టినవాడికి జవాబు తెలుసు కనుక అతని స్కోరు లెక్కలోకి తీసుకోకూడదు. మా పద్ధతిలో నలుగురూ తలా ఒకటి కడతారు, తలా మూడు విప్పుతారు. ఎంత వేగంగా అన్నది చూడం. విప్పాడా లేదా, సైలెంట్ అసాసిన్ వచ్చిందా లేదా, అంతే. గంట దాటితే కట్టినవాడు ఒక్క సూచన ఇవ్వాలి. ఒకే పెట్టెలో ఇద్దరికి మించి దాచలేమని మరిచిపోయి మూడు లక్ష్యాల సవాలు విప్పబోయిన నాకు ఆ సూచన రెండుసార్లు పనికొచ్చింది.

స్వీట్ల డబ్బాలో చీటీలు

కాంట్రాక్ట్స్‌కు దగ్గరి పోటీ ఇదే. ఒక్కోసారి దీనికే ముందు స్థానం ఇవ్వాలనిపిస్తుంది.

మా ప్రెస్సులో పెళ్లికార్డుల అంచులు కత్తిరించగా మిగిలే ముక్కలు బస్తాలకొద్దీ ఉంటాయి. పసుపు రంగు, ఒక వైపు బంగారు గీత. వాటి మీద వేషాలు కొన్ని, చంపే తీర్లు కొన్ని రాసి రెండు స్వీట్ల డబ్బాల్లో వేశాం. ఒక చోటు అనుకుంటాం. అక్కడి ఒక్కో లక్ష్యానికి ఒక్కో డబ్బాలోంచి ఒక్కో చీటీ తీస్తాం. సపియెంజాలో సిల్వియో కరూసోకు చర్చి ఫాదరు వేషం, విషం. ఫ్రాన్సెస్కా డి శాంటిస్‌కు తోటమాలి వేషం, నీళ్లలో ముంచడం. అంతే, అందరికీ అదే పని, ఎవరికీ ముందు తెలియదు, జవాబు వండిపెట్టినవాడూ లేడు. ప్రపంచమంతా దీన్ని రులెట్ అంటారు, చీటీలు తీసిపెట్టే వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి. మాకు బంగారు గీత ఉన్న ముక్కలే ఇష్టం.

బలం ఏమిటంటే అరవైసార్ల సాధన ఇక్కడ పనికిరాదు. బావమరిది పారిస్‌ను కంఠస్థం చేసి ఉండవచ్చు, కానీ వంటవాడి వేషంతో రెండో అంతస్తుకు వెళ్లమంటే వాడూ మనలాగే తడబడతాడు. చోటు మీద అవగాహన ఉన్నవాడు గెలుస్తాడు, ఒకే దారి బట్టీ పట్టినవాడు ఓడతాడు. వేరు వేరు యంత్రాలున్నా ఇబ్బంది లేదు, చీటీ ఫొటో తీసి పంపితే సరిపోతుంది. ఇద్దరు ఒకేసారి మొదలుపెట్టి ఎవరు ముందు బయటపడతారో చూసినా బాగుంటుంది.

బలహీనత కూడా చీటీలదే. కుదరని జోడీలు వస్తాయి. ఒక్కొక్కరికి ఆటకు ఒక్క చీటీ వెనక్కి వేసే హక్కు ఇవ్వండి. రెండు ఇస్తే మాత్రం ప్రతివాడూ కష్టమైనవన్నీ వెనక్కి వేస్తాడు, చివరికి అందరూ గార్డు వేషంలో పిస్తోలుతో తేలతారు.

ఫ్రీలాన్సర్: పోతే పోయినట్టే

2023 జనవరిలో వచ్చిన ఈ తీరు స్వభావమే వేరు. ఇందులో సేవ్ లేదు. 47 స్థావరమైన ఇంట్లో మొదలై, ఒక ముఠా తరువాత ఇంకో ముఠాను వేటాడుతూ వెళ్లాలి. ముఠా నాయకుడు ఎవరో కూడా మనకు చెప్పరు, అనుమానితుల ముఖాలూ అలవాట్లూ పోల్చి మనమే పట్టుకోవాలి. సంపాదన పేరు మెర్సెస్. ఒక ఘట్టంలో చచ్చిపోతే అందులో సగం పోతుంది, వెంట తీసుకెళ్లిన సామానూ పోతుంది.

పోటీగా దీన్ని ఎలా ఆడాలి? గేము మిత్రులను పోల్చి చూపించదు, లెక్క మనమే రాసుకోవాలి. మేం ఒకే కంట్రోలర్ తిప్పుతూ ఆడాం: ఒక్కో ఘట్టం ఒక్కొక్కరిది, ఎవరి చేతిలో చచ్చిపోతే వాడు ఓడినట్టు. ఈ పద్ధతిలో గదిలోని ఉత్కంఠ ఇంకెందులోనూ రాలేదు. మూడు వారాలు కూడబెట్టిన సామానుతో నేను ముంబయిలో దిగి, ఒక మూల తిరగ్గానే నలుగురు కాపలావాళ్ల మధ్యలో పడ్డాను. కింద అమ్మగారు లేచేంత కేక ఆ ఒక్క రోజే వినిపించింది.

అందుకే జాగ్రత్త. ఓటమి ఒకరిది, నష్టం అందరిదీ. నవ్వి ఊరుకునే మనుషులైతేనే దీన్ని ఎంచుకోండి. అలక పట్టేవాడు ఒక్కడున్నా వద్దు. ఒంటరిగా ఆడేవాడికి మాత్రం మొత్తం గేములో దీన్ని మించింది లేదు.

మిగిలినవి

ఎలూసివ్ టార్గెట్ అంటే కొద్ది రోజులే ఉండి వెళ్లిపోయే లక్ష్యం. 2018లో అలాంటి ఒకదానికి నటుడు షాన్ బీన్‌ను తెచ్చారు. మనం చచ్చిపోతే మళ్లీ అవకాశం లేదన్నది దీని పదును. ఆర్కేడ్ అనే విభాగం వచ్చాక పాతవాటిని మళ్లీ ఆడుకోవచ్చు, తప్పితే 12 గంటలు ఆగాలి. ఏడాదికి రెండు మూడుసార్లు పండగలా ఆడుకోవడానికి బాగుంటుంది, ప్రతి ఆదివారానికి సరిపోదు. సిరిమాను ఏడాదికి ఒకసారి కాబట్టే కదా అందరూ చూడటానికి వస్తారు.

స్నైపర్ ఘట్టాలు మూడున్నాయి. ఒకే చోట నిలబడి తుపాకీ దూర్బీనులోంచి 15 నిమిషాల్లో అందరినీ ముగించాలి. మారువేషం లేదు, నడక లేదు. గేము తెలియని బంధువు వచ్చినప్పుడు ఇది పెట్టండి, రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. నాకు మాత్రం అందులో హిట్‌మ్యాన్ రుచి తగలదు.

ఎస్కలేషన్లు మెట్లు మెట్లుగా కష్టం పెరిగే సవాళ్లు. బాగుంటాయి గానీ అవి గేము కట్టిన పజిల్స్, మిత్రుడు కట్టినవి కావు. మిత్రుడి బుర్ర ఎలా తిరుగుతుందో తెలిసినప్పుడు వచ్చే ఆనందం వేరు. శ్రీకాకుళం తమ్ముడి సవాలు అయితే మేం ఇప్పుడు తెరవగానే ముందు ప్రవేశాల జాబితా చూస్తాం. అది అతనికి తెలిసిపోయింది, ఈ మధ్య కావాలనే అందులో ఏమీ పెట్టడం లేదు.

మా బృందాన్ని చూసి మీది ఎంచుకోండి

ఇద్దరే ఉన్నారు, ఇద్దరికీ రాత్రిళ్లు ఖాళీ, ఇద్దరికీ సెకన్ల పిచ్చి ఉంది అంటే స్కోరు పట్టిక చాలు. వేరే ఊళ్లలో ఉన్నారు, ఒకే రకం యంత్రాలు ఉన్నాయి, వారంలో ఎవరికి వీలైనప్పుడు వాళ్లు ఆడాలి అంటే కాంట్రాక్ట్స్ తప్ప ఇంకేదీ కుదరదు. అందరూ ఒకే గదిలో, ఒకే టీవీ ముందు ఉంటే చీటీలు తీయండి. ఒక కొత్తవాడు, ముగ్గురు ఆరితేరినవాళ్లు ఉన్నా చీటీలే. కాకపోతే కొత్తవాడికి వేషం చీటీ మాత్రమే, ఆయుధం అతని ఇష్టం. గేము కొనకుండా రుచి చూడాలనుకునేవాళ్లకు ఉచిత స్టార్టర్ ప్యాక్ ఉంది. అందులోని శిక్షణ ఘట్టంలోనే ఇద్దరు మిత్రులు చీటీలు వేసుకుని ఒక ఆదివారం గడిపేయవచ్చు. కొనేవాళ్లు పండగ తగ్గింపుల దాకా ఆగండి. మేం నలుగురం పూర్తి ధరకు కొనలేదు.

ఏది ఎంచుకున్నా ఆట మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద రాసుకోండి: ఏది గెలుపు, ఎన్ని ప్రయత్నాలు, నెట్టు తెగితే ఏమిటి. మాది గోడకు అతికించి ఉంది, పెళ్లికార్డు అట్ట మీద, పైన శుభమస్తు అని అచ్చయి. నెట్టు తెగితే ఆ ప్రయత్నం లెక్కలోకి రాదని మూడో వరుసలో ఉంది. ఓడే సమయానికి రూటరు తీగ కాలికి తగిలి ఊడిపోతే లెక్కలోకి వస్తుందని నాలుగో వరుస. అది బావమరిది కోసం ప్రత్యేకంగా చేర్చింది.

ఈ వారం సవాలు కట్టే వంతు నాది. ముంబయి ఎంచుకున్నాను. మంగలి వేషంలో మొదలుపెట్టి, చాకిరేవు ఫోర్‌మన్‌ను తీగతో ముగించి, ఎవరినీ స్పృహ తప్పించకుండా రైలు ఉన్న వైపు బయటపడాలని పథకం. కాగితం మీద అద్భుతంగా ఉంది. నాలుగు రాత్రులుగా నేనే బయటపడలేకపోతున్నాను, కాబట్టి 12 అంకెలు ఇంకా రాలేదు. శ్రీకాకుళం నుంచి నిన్న మెసేజీ వచ్చింది: "అన్నయ్యా, సంఖ్య పంపుతావా, జీడిపప్పు పంపుతావా?"